గొర్రెలు చూసిన దిక్కు

ఒక బిందెడు నీళ్లు గుంతలో పోస్తే ఆ గుంత ఎప్పటికీ ఎండదంట! తోడినకొద్దీ ఊరుతానే ఉంటాదంట! ఇదెక్కడి అన్యాయమప్పా అని అంజలికి ఒళ్లు మండింది. కతంతా ఆ మంటతోనే మొదలైంది.

ఆ గుంత ఉండేది కంప్యూటర్ ఆటలో. ఆట పేరు 'దిమ్మెల దేశం'. మన్ను తవ్వచ్చు, రాయి కొట్టచ్చు, చెట్టు నరకచ్చు. తెచ్చుకున్న దిమ్మెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఇల్లు కట్టుకోవచ్చు, ఓపికుంటే కోటే కట్టుకోవచ్చు. ఆట వచ్చి పదేండ్లు దాటింది. ఎంత మంచి కూరైనా దినామూ అదే పెడితే మొహం మొత్తదా? అందుకని ఆడేవాళ్లే కొత్త జంతువులు, కొత్త నేలలు, కొత్త వానలు తయారు చేసి ఆటలోకి ఎక్కిస్తాంటారు. వాటిని మాడ్‌లంటారు. తెలుగోళ్లలో ఆ ఆట పిచ్చోళ్ల సంఘం ఒకటి ఉండాది. ఏడాదికొకసారి వాళ్లు అయిదు మాడ్‌లు ఏరి, ఒక మూట కట్టి, అందరికీ ఊరికే పంచుతారు. ఆ మూట దిగిందంటే పాత ఆటకు మల్లా ప్రాణమొస్తాది.

అంజలికి ఇరవై మూడేండ్లు. ముదిగుబ్బ బస్టాండు ఎదురుగా ఎర్రిస్వామి ఫ్లెక్స్ షాపులో డిజైనర్ పని. నాయకుల పుట్టినరోజులకూ, పిల్లోళ్ల చెవులు కుట్టే పండగలకూ బొమ్మలు అతికిచ్చి, గిరాకీ లేని పూట అదే కంప్యూటర్లో తన మాడ్ చేసుకుంటాండేది. ఎర్రిస్వామి అడ్డం చెప్పలేదు. పైగా టీ తెప్పిచ్చి పక్కన కుర్చీ వేసుకోని చూస్తాండేవాడు.

రెండేండ్లు పట్టింది ఆ మాడ్. దానికి 'మెట్టనేల' అని పేరు పెట్టుకుంది. తమ చేని ఎర్రమన్నునే ఫోటో తీసి దిమ్మె చేసింది. గరుసు, తంగేడు, కంపచెట్లు అన్నీ తమ ఊరివే. ఒక చేన్లో వాన పడితే పక్క చేన్లో పడదు. బోరు వేస్తే పదిట్లో తొమ్మిది ఎండుబోర్లే. గొర్రెలుండాయి, చేన్లో మంద నిలిపితే పెంట పడతాది, పెంట పడితేనే పంట. ఆ గొర్రెల్ని అదిలించే కేకలు మాత్రం వాళ్ల నాయన నల్లప్పవి. ఆయప్పకు తెలీకుండా ఫోన్లో పట్టి ఆటలో పెట్టింది.

మూటలోకి ఎక్కల్లంటే ఒక పరీక్ష ఉండాది. మాడ్ చేసినోళ్లు కాకుండా ఇంకొకరు, అందరూ ఆన్‌లైన్లో చూస్తాండగా, ఆ నేల మీద ఆటలో మూడేండ్లు బతికి చూపించల్ల. మెట్టనేలకు పరీక్ష చేసింది పద్మప్రియ. హైదరాబాదులో ఉంటాది. ఆ ఆటలో ఆ యమ్మ చెయ్యి తిరిగిన మనిషి, ఆమె ఆడతాంటే చూసేవాళ్లు వేలల్లో ఉంటారు.

అంత చెయ్యి తిరిగిన మనిషీ రెండో ఎండాకాలంలో చచ్చిపోయింది. ఇల్లు మాత్రం భలే కట్టింది. గొర్రెలకు చుట్టూ రాతిగోడ లేపింది. మధ్యలో ఒకసారి నవ్వి, "ఈ గొర్రెలేంటండీ బాబూ, అన్నీ కలిసి ఒకే గోడ వైపు చూస్తున్నాయి? ఇదేదో ప్రోగ్రాంలో తప్పులా ఉంది" అనింది. తర్వాత ఒక్కొక్క గొర్రే రాలిపోయింది, పెంట లేక పంట పోయింది, గాదె అడుగంటింది, ఆ యమ్మ బొమ్మ బోర్లా పడింది.

మర్సటిదినం సంఘం నుంచి జాబు వచ్చింది. 'మెట్టనేల చూడ్డానికి అద్భుతంగా ఉంది. కానీ ఈ నేల మీద ఎవరూ బతకలేరు. ఒక నది పెట్టండి. ఆదివారం రెండో పరీక్ష, అదే ఆఖరు. మార్పులు శనివారం సాయంత్రం ఆరు లోపల పంపాలి' అని.

ఈ నేల మీద ఎవరూ బతకలేరు! ఆ ముక్క చదివినప్పట్నుంచీ అంజలికి సంగటి ముద్ద గొంతు దిగలేదు. మాడ్ బాగలేదంటే పడుండేది. బొమ్మలు చెడ్డగుండాయంటే మల్లా గీసేది. నీ నేల మనుషులు బతికే నేల కాదంటే ఏం చెయ్యల్ల? ఆదివారం గనక తప్పితే ఆ ముక్కే ఖాయమైపోతాది. తన ఎర్రమన్నును ఇంకెవురూ ముట్టుకోరు. ఆ బాధ ఎవురికి చెప్పుకున్నా తీరేది కాదు.

శనివారం మద్దేనం ఎర్రిస్వామి ఉండబట్టలేకపోయినాడు.

"ఒక నది వెయ్ పాపా, ఏం పోతాది? మొన్న సర్పంచి ఫ్లెక్సులో ఎనక జలపాతం వెయ్యలేదా మనం? ముదిగుబ్బలో ఎవుడన్నా జలపాతం యాడుండాదని అడిగినాడా?"

"అది ఫ్లెక్స్ అన్నా."

"ఇదీ బొమ్మే గదా. రెండేండ్ల కష్టం, ఒక్క నది కోసం గంగపాలు చేసుకుంటావా?"

ఆయన మాటలో తప్పు లేదు. అంజలి మౌస్ పట్టుకోని నది గీసింది. ఊరి ఎనక గుట్ట కాన్నుంచి దిగి, తమ ఇంటి పక్కనే మలుపు తిరిగి, చేన్ల మధ్యన పోయే నది. పది నిమిషాలు పట్టింది. గట్టెమ్మడి పచ్చగడ్డి దానంతటదే మొలిచింది. ఎర్రిస్వామి చప్పట్లు కొట్టినాడు. అంజలి చూస్తానే ఉండింది. ఎంత చూసినా ఆ ఊరు యాడిదో అర్థం కాలేదు. తన ఇల్లే తనకు చుట్టాలిల్లు మాదిరి కనిపిచ్చింది, కండ్లలో నీళ్లు తిరిగినాయి.

సరిగ్గా అప్పుడే నల్లప్ప షాపులోకి వచ్చినాడు. పశువులాసుపత్రిలో గొర్రెలకు మందు తీసుకోని, బిడ్డతో కలిసి ఊరికి పోదామని. భుజాన కంబళి, చేతిలో మందు సీసాల సంచి. షాపులో ఏసీ గాలికి "అబ్బా, సల్లగుండాదే" అని కింద కూర్చున్నాడు.

"కుర్చీలో కూర్చో నాయనా."

"ఈడే బాగుండాది. నువ్వెందుకు మొహం అట్ల పెట్టినావు?"

జరిగిందంతా ఎర్రిస్వామే చెప్పినాడు. మాటలతో అర్థం కాలేదని పద్మప్రియ ఆడిన వీడియో పెట్టి చూపిచ్చినాడు. నల్లప్పకు మొదట నవ్వొచ్చింది. మనుషులకు తలకాయలు పెట్టెల మాదిరి ఉండాయంటాడు, మేకకూ గొర్రెకూ తేడా లేదంటాడు. రెండో ఎండాకాలం వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ముందుకు వంగినాడు.

"పాపా, ఇదిప్పుడు ఎండాకాలమా?"

"ఊఁ."

"ఎండాకాలంలో ఆ యమ్మ ఊర్లో ఏం చేస్తాంది?"

"మిద్దె మీద ఇంకో మిద్దె కడతాంది."

"గొర్రెలు?"

"గోడ లోపల పెట్టింది."

నల్లప్ప లేసి నిలబడినాడు. "సంపుతాంది గదే! గడ్డిపోచ లేని కాలంలో గొర్రెల్ని గోడలో పెడతారా ఎవురన్నా? అదో సూడు, ఆ నోరులేనివి ఆ గోడ కల్లే సూస్తాండాయి. దావ అటే గదా? పామిడి కాడ పెన్న దాటి, గుత్తి కొండ ఎడమకు ఇడిచి, కాలవ కిందికి పోవల్ల గదా?"

"దావ ఉండాది నాయనా. అంతా పెట్టినా. పెన్న పెట్టినా, ఇసకలో చెలమ తవ్వుకుంటే నీళ్లొచ్చేట్ల పెట్టినా, గుత్తి కొండ పెట్టినా. కాలవ కింద చేన్లు పెట్టినా, ఆడ మంద నిలిపితే రైతులు గింజలిచ్చేట్ల కూడా పెట్టినా."

"మల్ల ఆ యమ్మ పోలేదెందుకు?"

అంజలికి అప్పుడు తట్టింది.

ఎందుకు పోలేదంటే, పోవల్లని ఎవురూ చెప్పలేదు గాబట్టి. ప్రతి ఏడూ ఉగాది పోతానే ఇంటికి తాళం వేసి, కంబళ్లు, గిన్నెలు గాడిద మీద కట్టి, మందను తోలుకోని పోవడం, మృగశిర వానకు తిరిగి రావడం. అంజలి పుట్టింది కూడా ఆ దావలోనే, గుత్తి కొండ కనపడే చేన్లో, వాళ్లమ్మ మారెమ్మకు నొప్పులొచ్చిన చోట. హాస్టల్లో వేసేదాకా ప్రతి ఎండాకాలం ఆ పిల్ల నడిచింది. ఎండాకాలమంటే ఇల్లిడిచి పోయి రావడమే అని లోకమంతా తెలిసిన సంగతే అనుకుంది. అన్నానికి నోరు తెరవల్లని ఎవురన్నా రాసి పెడతారా? అట్లనే ఇదీ రాయలేదు.

ఆటేమో కట్టే ఆట. దిమ్మె మీద దిమ్మె పేర్చి కట్టుకున్న ఇల్లు ఇడిచి పోవడమంటే ఆడేవాళ్ల లెక్కలో ఓడిపోవడమే. పద్మప్రియ చచ్చేదాకా ఆ ఇంటినే కాపాడుకుంది. అంజలి అంత ముచ్చటగా వేసిన దావలో ఒక్కరు కూడా అడుగు పెట్టలేదు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" ఎర్రిస్వామి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "రెండేండ్లు కిందామీదా పడి దావ వేసినావు. దావ ఉండాదని ఒక్క ముక్క రాయలేదా?"

"రాయలేదన్నా" అనింది అంజలి. అని, నవ్వింది. వారం దినాల తర్వాత నవ్వడం అదే. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చినాయి, చున్నీతో మొహం తుడుచుకుంది. తప్పు తన నేలది కాదు! అంతకంటే ఏం కావల్ల?

గడియారం చూస్తే అయిదుంబావు. ఆటలో ఊరి మొగదల ఒక రాతిపలక ఉండాది, దాని మీద రెండు వరసలు రాసే చోటుండాది. ఇన్నాళ్లూ దాని మీద 'మెట్టనేలకు స్వాగతం' అని ఫ్లెక్స్ రాత ఉండింది.

"నాయనా, కొత్తగా గొర్రెలు పట్టుకున్న మనిషికి ఎండాకాలం గురించి నువ్వు ఏం చెప్తావు? రెండు ముక్కల్లో చెప్పు."

"సెప్పేదేముంది? గొర్రె ఎటు సూస్తే అటు పొమ్మంటా. ఇంటి మీద బెంగ పెట్టుకుంటాడు గదా, ఇల్లు యాడికీ పోదులేరా అంటా."

అంజలి అదే కొట్టింది. పలక మీద రెండు వరసల్లో పట్టేట్ల కుదించింది, అంతే. తర్వాత నదిని పట్టుకోని మొత్తం తుడిచేసింది.

"పాపా, పాపా! నది ఎందుకు తీసేస్తాండావు? ఉంటే ఉండనీ, అడ్డమా?" ఎర్రిస్వామి కంగారు పడినాడు. "రెండు ముక్కలు నమ్ముకోని పోతావా?"

"నది మా ఊర్లో లేదన్నా. లేకుండానే గెలవల్ల."

ఆరు కావడానికి మూడు నిమిషాలుండంగ పంపిచ్చింది.

ఆదివారం పొద్దున పది గంటలకు షాపు షట్టర్ సగం దించి ముగ్గురూ కూర్చున్నారు. ఆటలో ఏడాదంటే మన గంట. చేసినోళ్లు నోరు తెరవకూడదు, ఏమీ రాయకూడదు, అది షరతు. పద్మప్రియ వచ్చింది, అందరికీ నమస్కారం పెట్టింది, ఊర్లోకి అడుగు పెడుతూనే పలక చదివింది.

"'ఎండాకాలం గొర్రె ఎటు చూస్తే అటు పో. ఇల్లు యాడికీ పోదు.' అబ్బ, ఎంత బాగుందో! కవిత్వంలా ఉంది కదూ?" అని, ముందుకు పోయింది.

"కవిత్వమా!" ఎర్రిస్వామి తల పట్టుకున్నాడు.

మొదటి ఏడు ఎట్లో గట్టెక్కింది. గాదెలో గింజలుండాయి, గొర్రెలు మూడే పోయినాయి. ఆ యమ్మ మల్లా గోడ లేపింది, మిద్దె కట్టింది, మిద్దె మీద మిద్దె కట్టింది. రెండో ఎండాకాలం వచ్చింది. గడ్డి ఎండింది. మిగిలిన పదహైదు గొర్రెలూ ఒకే గోడ కల్ల తిరిగి నిలబడినాయి. ఒకటి పడింది. ఇంకొకటి పడింది. పక్కన చూసేవాళ్ల రాతలు వరసగా వస్తాండాయి. 'మళ్లీ అదే కథ.' 'నది పెట్టమని చెప్పాం కదా.' 'ఇక్కడ రాళ్లు తప్ప ఎవరూ ఉండలేరు.'

అంజలి ఆ రాతలు కనపడకుండా స్క్రీన్ పక్కకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"యమ్మా, తల్లీ, గోడ పగలగొట్టు!" నల్లప్ప స్క్రీన్‌తో మొత్తుకుంటాండాడు. "నీ కడుపు సల్లగుండ, గోడ పగలగొట్టు!"

"వినపడదు నాయనా."

"ఎందుకు వినపడదు? ఇంత గట్టిగా అరుస్తాండా!"

మూడో గొర్రె పడింది. పద్మప్రియ బొమ్మ ఆగిపోయింది. గోడ దగ్గర నిలబడి ఆ గొర్రెల మొహాలు చూసింది, గోడ కల్ల చూసింది. మల్లా గొర్రెల్ని చూసింది.

"ఆగండి, ఆగండి. ఇది తప్పు కాదేమో" అనింది మెల్లగా. "గొర్రె ఎటు చూస్తే అటు పో... ఇల్లు యాడికీ పోదు... అంటే, వెళ్లిపొమ్మంటున్నారా? ఇంత ఇల్లు కట్టుకుని?"

"అదే, అదే!" అన్నాడు నల్లప్ప.

ఆ యమ్మ గునపం తీసింది. తాను కట్టిన గోడనే తాను కొట్టింది. ఒక రాయి, రెండు రాళ్లు, మూడు. సందు పడిందో లేదో పన్నెండు గొర్రెలూ బిరబిర బయటపడి ఉత్తరానికి దావ పట్టినాయి. ఆ వెంటనే ఆటలో కేక లేసింది. "హుర్ర్ర్... బా బా బా... హోయ్!"

నల్లప్ప ఉలిక్కిపడి చుట్టూ చూసినాడు. "ఎవురది? నా గొంతే గదా!"

"నీదే నాయనా."

"హైదరాబాదు యమ్మ గొర్రెలకు నేను దావ సూపిస్తాండానా?" అన్నాడు ఆయన. మీసం కింద నవ్వు ఆపుకోలేక కంబళితో మూతి కప్పుకున్నాడు.

ఇంక ఆ దావ గురించి ఏం చెప్పేది! రెండేండ్లుగా ఎవురూ చూడని దేశం ఒక్కొక్క మలుపుకూ తెరుచుకుంటా పోయింది. పెన్న ఇసక తెల్లగా పరుచుకోని ఉండాది. పద్మప్రియ చేతులతో ఇసక తోడితే చెలమలో నీళ్లూరినాయి, గొర్రెలు వంగి తాగినాయి. పొద్దు వాలేటప్పుడు గుత్తి కొండ మీద కోటగోడలు ఎర్రగా కనిపిచ్చినాయి. కాలవ కింద కోసిన వరి చేన్లలో మంద నిలిపితే రైతులొచ్చి గింజల మూటలిచ్చినారు. చూసేవాళ్ల రాతలు మొదట ఆగిపోయినాయి. తర్వాత ఒక్కసారి వరదొచ్చింది. 'ఇదంతా ఎక్కడుంది ఇన్నాళ్లూ?' 'ఇలాంటిది ఈ ఆటలో ఎప్పుడూ చూడలేదు.' నాలుగు వేలున్న మంది పదకొండు వేలయినారు. ఎర్రిస్వామి ఆ అంకె పెరిగినప్పుడల్లా బల్ల మీద గుద్దుతాండాడు.

కాలవ కింద ఉండంగ ఒకపొద్దు గొర్రెలన్నీ తలలు తిప్పినాయి, ఈ తూరి దక్షిణానికి. పద్మప్రియ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పదండి, ఇంటికి!" అనింది.

తిరిగొచ్చేసరికి ఇల్లు ఆడనే ఉండాది. గుమ్మంలో దుమ్ము, మిద్దె మీద పిచ్చుకల గూడు. ఆ యమ్మ తలుపు ముందర నిలబడి గట్టిగా నవ్వింది, "నిజంగానే ఎక్కడికీ పోలేదండీ!" అని. మొదటి వాన పడింది. పన్నెండు గొర్రెలతో పోయిన మనిషి పందొమ్మిదితో వచ్చింది. చేన్లో మంద నిలిపింది, కొర్ర, కంది, బుడ్డలు కలిపి వేసింది. పంటొచ్చింది.

మూడో ఎండాకాలం గొర్రెలు ఇంకా తల తిప్పనే లేదు, పద్మప్రియ ఇంటికి తాళం వేసి, సందు వదిలిన గోడ కాడ నిలబడి వాటి మొహాల కల్ల చూస్తాంది. ఆ చూపు చూసి నల్లప్ప, "ఇంగ ఈ యమ్మకు భయం లేదు" అన్నాడు. టీ తెమ్మన్నాడు.

ఒంటిగంటకు మూడేండ్లు నిండినాయి. పద్మప్రియ బొమ్మ తన ఇంటి ముందర, నలభై గొర్రెల నడుమ, నిక్షేపంగా నిలబడి ఉండాది. ఎర్రిస్వామి షట్టర్ పైకెత్తి బస్టాండులో ఉండే జనానికంతా వినపడేట్ల "గెలిచినాం!" అని కేకేసినాడు. ఏం గెలిచినారో ఎవురికీ తెలీదు, అయినా ఇద్దరు ముగ్గురు ఈలేసినారు. అంజలి వాళ్ల నాయన భుజం మీద తల పెట్టి ఎక్కెక్కి ఏడ్చింది. సంతోషానికే.

అంతలో ఫోన్ మోగింది. వీడియోలో పద్మప్రియ. ఆ యమ్మ కండ్లూ ఎర్రగానే ఉండాయి.

"అంజలి గారూ, మీ మాడ్ మూటలోకి వెళ్తోంది, అందులోనూ మొట్టమొదటిది. ఇంకో మాట. పోయిన వారం జాబులో ఆ వాక్యం రాసింది నేనే. తప్పు రాశాను. ఇప్పుడే దిద్ది పంపాను, చూడండి. క్షమించండి."

"అయ్యో, తప్పు నాది కూడా అక్కా. దావ ఉండాదని నేను చెప్పలేదు" అనింది అంజలి.

నల్లప్ప ఫోన్లోకి తొంగి చూసినాడు. "యమ్మా, గొర్రెలు బాగా మేపినావు. ఈ తూరి నిజం మందతో పోయేటప్పుడు చెప్తాం, రా."

"తప్పకుండా వస్తాను బాబాయ్" అనింది ఆ యమ్మ.

ఎర్రిస్వామి అప్పటికే కొత్త ఫ్లెక్స్ కొలతలు తీస్తాండాడు. అంజలి మెయిల్ తెరిచింది. జాబు అదే, పాత వాక్యం మీద గీత కొట్టి కింద కొత్తది రాసినారు. నల్లప్పకు చదువు రాదు గాబట్టి పైకి చదివింది.

"'ఈ నేల మీద మనుషులు బతకగలరు.'"

నల్లప్ప మందు సీసాల సంచి చేతికి తగిలిచ్చుకున్నాడు, కంబళి సర్దుకున్నాడు, గుమ్మం దాకా పోయినాడు. ఆడ నిలబడి ఎనక్కి తిరిగినాడు.

"అది మాకు తెల్దా ఏంది?" అన్నాడు. సంచి కింద పెట్టి, "అయినా ఇంగొకసారి సదువు పాపా" అన్నాడు.